ఆదాయపు పన్ను రిటర్నుల దాఖలు, సహాయ వ్యవస్థలు (భారతదేశం)

ఒక వ్యక్తి గాని సంస్థ గాని ఒక సంవత్సరంలో ఆర్జించిన ఆదాయాన్ని, దానిమీద చెల్లించవలసిన పన్నును, అప్పటికే చెల్లించిన పన్నును నిర్ణీత నమూనాలో ప్రభుత్వానికి తెలియజేసే పత్రాన్ని ఆదాయపు పన్ను రిటర్ను అంటారు. దీనిని నింపడంలో, దాఖలు చేయడంలో, తరువాత వచ్చే నోటీసులకు జవాబివ్వడంలో పన్ను చెల్లింపుదారుకు తోడ్పడే వృత్తినిపుణులు, ప్రభుత్వ కేంద్రాలు, సాఫ్ట్‌వేర్లు భారతదేశంలో ఒకదాని తరువాత ఒకటిగా ఏర్పడుతూ వచ్చాయి. సాయం చేసేవారు తరానికొకరుగా మారినా, రిటర్నులోని ప్రతి అంకెకూ బాధ్యత మాత్రం దానిని ధ్రువీకరించి సంతకం చేసిన పన్ను చెల్లింపుదారు మీదనే నిలిచి ఉంది. ఈ రంగంలో తలెత్తిన వివాదాలలో అధికభాగం సాయానికీ బాధ్యతకూ మధ్య ఉన్న ఈ ఎడంలోనే పుట్టాయి.

తొలి చట్టాలు, ప్రతినిధులు

1857 తిరుగుబాటు తరువాత ఖజానాకు ఏర్పడిన లోటును పూడ్చడానికి ఇంగ్లండు నుంచి వచ్చిన జేమ్స్ విల్సన్ 1860లో ఆదాయపు పన్నును ప్రవేశపెట్టాడు. ఏడాదికి 200 రూపాయల లోపు ఆదాయం ఉన్నవారికి పన్ను ఉండేది కాదు. విల్సన్ ఆ ఆగస్టులోనే కలకత్తాలో మరణించగా, పన్ను 1865లో ఆగిపోయి, పలు రూపాలలో మళ్లీ వచ్చి, 1886 చట్టంతో స్థిరపడింది. వ్యవసాయ ఆదాయాన్ని ఆ చట్టమే పన్ను పరిధి నుంచి తప్పించింది. అందువల్ల తక్కిన దేశంలో లాగే తెలుగు జిల్లాలలోనూ రైతు కుటుంబాలకు చాలాకాలం రిటర్నుతో పని పడలేదు. దాని గొడవ పట్టణాలలోని వర్తకులకు, వకీళ్లకు, వైద్యులకు, జీతగాళ్లకు పరిమితమైంది.

1922 చట్టం, పన్ను చెల్లింపుదారు తరఫున అధికారి ఎదుట మరొకరు హాజరు కావడానికి వీలు కల్పించింది. 1962 ఏప్రిల్ 1 నుంచి అమలైన 1961 చట్టంలో 288వ సెక్షను ఈ అధీకృత ప్రతినిధుల జాబితాను విస్తరించింది. బంధువు, వద్ద పనిచేసే ఉద్యోగి, ఖాతా ఉన్న షెడ్యూల్డు బ్యాంకు అధికారి, న్యాయవాది, చార్టర్డ్ అకౌంటెంటు, నిర్ణీత పరీక్షలు పాసైనవారు అందులో ఉన్నారు. బంధుత్వానికి చట్టం ఈ జాబితాలో ముందుచోటే ఇవ్వడం ఆనాటి వ్యాపారాలు ఎంతగా కుటుంబ వ్యవహారాలో చెబుతుంది. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1949 జూలై 1న చట్టబద్ధంగా ఏర్పడింది. అమ్మకాలు 40 లక్షల రూపాయలు దాటిన వ్యాపారాలు లెక్కలను చార్టర్డ్ అకౌంటెంటు చేత తనిఖీ చేయించుకోవాలనే పన్ను ఆడిట్ నిబంధన 1984లో వచ్చాక, తెలుగు పట్టణాలలో ‘ఆడిటరు గారు’ వర్తకుడికి ఏటా తప్పని మనిషయ్యారు. రిటర్నులు రాసిపెట్టే గుమాస్తాను, పట్టా లేని పన్ను సలహాదారును కూడా జనం ఆ పేరుతోనే పిలవడం కద్దు.

ఈ కాలంలో సహాయం స్వరూపమే మారింది. మొదట పన్ను ఎంతో తేల్చేది అధికారి. ఆయన వేసే లెక్కను మదింపు అంటారు. పుస్తకాలు పట్టుకుని ఆయన ఎదుట హాజరై వాదించడమే సహాయకుడి పని. 1964లో చేరిన 140ఎ సెక్షను స్వీయ మదింపును, అంటే చెల్లింపుదారు తన పన్నును తానే లెక్కగట్టి కట్టే పద్ధతిని తెచ్చింది. అప్పటినుంచి లెక్క తప్పకుండా ఫారం నింపడం, అధికారి ఎదుట వాదించడం కంటె పెద్ద పనయింది.

ఫారాలు, సహాయ పథకాలు

ఫారాన్ని చిన్నది చేస్తే సాయం అవసరమే తగ్గుతుందన్న ఆలోచనతో 1990 దశకంలో ఒకే పుటలో సరిపోయే ‘సరళ్’ ఫారం వెలువడింది. పుట ఒక్కటే అయినా ఆదాయాన్ని ఏ పద్దులో చూపాలో, ఏ తగ్గింపు దేనికి వర్తిస్తుందో చట్టం తెలిసినవారే చెప్పవలసి రావడంతో ఆ ఆశ పూర్తిగా నెరవేరలేదు. 2007లో ఐటీఆర్-1 మొదలుకొని కొత్త ఫారాల వరుస వచ్చింది. వీటికి ఏ పత్రాన్నీ జతచేయనక్కరలేదు. యజమాని జీతం నుంచి కోసి జమచేసిన పన్నుకు ఆధారమైన ఫారం 16 గాని, బీమా రసీదు గాని, అద్దె రసీదు గాని రిటర్నుతోపాటు ఇవ్వరాదు. అడిగినప్పుడు చూపితే చాలు. చూడడానికి చిన్న మార్పే అయినా, ఈ చరిత్రలో దీనికంటె ముఖ్యమైనది మరొకటి కనిపించదు. కాగితం లేని దాఖలుకు దారి తెరిచినదీ, ఆధారం లేని తగ్గింపులను చూపే దొంగ సాయానికి చోటిచ్చినదీ ఇదే.

ఆడిటరు రుసుము భరించలేని చిన్న జీతగాళ్ల కోసం ప్రభుత్వం 2006లో చట్టంలో 139బి సెక్షను చేర్చి, టాక్స్ రిటర్న్ ప్రిపేరర్ పథకాన్ని ప్రకటించింది. పట్టభద్రులైన యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, గుర్తింపు సంఖ్య ఇచ్చి, రిటర్నులు తయారుచేసే పని అప్పగించడం దీని సారాంశం. కంపెనీలూ, ఆడిట్ తప్పనిసరైనవారూ దీని పరిధిలోకి రారు. కొత్త చెల్లింపుదారు కట్టిన పన్నులో తొలి ఏడాది 3 శాతం, రెండో ఏడాది 2 శాతం, మూడో ఏడాది 1 శాతం, గరిష్ఠ పరిమితికి లోబడి, ప్రభుత్వమే ప్రిపేరరుకు చెల్లించేది. చెల్లింపుదారు నుంచి 250 రూపాయలకు మించి తీసుకోకూడదు. ప్రిపేరరు కూడా రిటర్నుమీద సంతకం చేయాలన్న నియమం సహాయకుడి పేరును రికార్డులోకి ఎక్కించిన మేలైన ఏర్పాటు. అయితే ఆదాయం మూడేళ్లలో తరిగిపోయేలా, పైన రుసుముకు గట్టి హద్దు ఉండేలా రూపొందిన పని, చదువుకున్న యువకుడికి నిలకడైన జీవనోపాధి కావడం కష్టమే.

ఫిర్యాదుల విచారణకు నియమితుడైన ఆదాయపు పన్ను అంబుడ్స్‌మన్ పదవిని 2019లో కేంద్ర మంత్రివర్గం రద్దు చేసింది. కార్యాలయాలలో ఆయకర్ సేవా కేంద్రాలు, టెలిఫోను సమాధానాలకు ఆయకర్ సంపర్క్ కేంద్రం ఏర్పడ్డాయి. సంపర్క్ కేంద్రం ఉచిత నంబరు చివర 1961 అన్న అంకెలు చట్టపు సంవత్సరాన్ని సూచిస్తాయి.

ఎలక్ట్రానిక్ దాఖలు, సాఫ్ట్‌వేర్లు

కంపెనీలకు 2006లో ఎలక్ట్రానిక్ దాఖలు తప్పనిసరి అయింది. వ్యక్తులలో మొదట 10 లక్షలకు పైబడిన ఆదాయం గలవారు, 2013-14 మదింపు సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాదికి మరుసటి ఏడాది) నుంచి 5 లక్షలు దాటినవారు ఈ నియమంలోకి వచ్చారు. తరువాత క్రమంగా 80 ఏళ్లు నిండినవారికి తప్ప తక్కినవారికి కాగితపు రిటర్ను దాదాపు కనుమరుగైంది. ఆదాయపు పన్ను శాఖ ఉచితంగా ఇచ్చే దాఖలు సాధనాన్ని ‘యుటిలిటీ’ అనేవారు. ఇది ఎక్సెల్ రూపంలోనూ జావా రూపంలోనూ దొరికేది. దీనిని దింపుకొని నింపి, సరిచూసి, ఎక్స్ఎంఎల్ ఫైలు తయారుచేసి పోర్టల్‌లోకి ఎక్కించవలసి ఉండేది. ఆ రోజుల్లో సహాయం కోరినవారి ప్రశ్నలలో అనేకం పన్నుకు సంబంధించినవే కావు. ఎక్సెల్‌లో మాక్రోలు ఎందుకు తెరుచుకోవడం లేదు, కంప్యూటరులో ఉన్న జావా వెర్షన్ సరిపోతుందా, రసీదు తెరవడానికి సంకేతపదం ఏది అన్నవే ముందుకు వచ్చేవి. చిన్న అక్షరాలలో పాన్ సంఖ్యను, వెంటనే పుట్టినతేదీని కలిపి కొడితే రసీదు తెరుచుకుంటుందని తెలియక తిప్పలు పడినవారు తక్కువేమీ కాదు.

2009లో బెంగళూరులో ఏర్పడిన కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రం రిటర్నులను యంత్రం చేత పరిశీలింపజేసి, 143(1) సెక్షను కింద ఇంటిమేషన్ పంపడం మొదలుపెట్టింది. చెల్లింపుదారు లెక్కనూ కేంద్రం లెక్కనూ పక్కపక్కన చూపే ఈ పత్రాన్ని చాలామంది నోటీసుగా భావించి ఆందోళన పడుతుంటారు; తేడా ఏమీ లేకున్నా అది వస్తుంది. డిజిటల్ సంతకం లేనివారు ఐటీఆర్-వి అనే ఒక పుట రసీదుమీద చేత్తో సంతకం చేసి, 120 రోజులలోపు, సాధారణ తపాలా లేదా స్పీడుపోస్టు ద్వారా మాత్రమే బెంగళూరుకు పంపవలసి వచ్చేది. అది చేరకపోతే దాఖలు చెల్లదు. 2015లో ఆధార్‌కు అనుసంధానమైన ఓటీపీ వంటి ఎలక్ట్రానిక్ ధ్రువీకరణ రావడంతో ఈ తపాలా ప్రయాణం చాలావరకు ఆగింది. 2022 ఆగస్టు 1 నుంచి ధ్రువీకరణ గడువును 30 రోజులకు కుదించారు.

ప్రైవేటు సాఫ్ట్‌వేర్లు రెండు దారులలో పెరిగాయి. కంప్యుటాక్స్, విన్‌మన్ వంటివి ఆడిటరు కార్యాలయాల కోసం, అనేక ఖాతాదారుల లెక్కలను ఏళ్ల తరబడి దాచుకునే విధంగా తయారయ్యాయి. టాక్స్‌స్పానర్, క్లియర్‌టాక్స్ వంటివి నేరుగా జీతగాడినే ఉద్దేశించి, ఫారం 16 ఎక్కిస్తే అంకెలను వాటంతట అవే చదివి, సులభమైన ప్రశ్నలతో రిటర్నును పూర్తిచేయిస్తాయి. ఇతరుల తరఫున రిటర్నులు దాఖలు చేసే సంస్థలను శాఖ ఇ-రిటర్న్ ఇంటర్మీడియరీలుగా నమోదు చేస్తుంది.

ఇన్ఫోసిస్ రూపొందించిన కొత్త పోర్టల్ 2021 జూన్ 7న మొదలైంది. లాగిన్ కాకపోవడం, వడ్డీ, రుసుముల లెక్క తప్పడం వంటి లోపాలు నెలల తరబడి కొనసాగడంతో, ఆర్థిక శాఖ ఆ సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారిని ఆగస్టులో పిలిపించి వివరణ అడిగింది. దాఖలు గడువు ఆ ఏడాది డిసెంబరు 31 దాకా జరిగింది. అదే సంవత్సరం నవంబరులో వార్షిక సమాచార నివేదిక వచ్చింది. బ్యాంకు వడ్డీ, డివిడెండు, షేర్ల అమ్మకం, విదేశాలకు పంపిన సొమ్ము వంటివాటిని ఆయా సంస్థల నుంచి సేకరించి శాఖ చెల్లింపుదారుకు చూపే పట్టిక ఇది. ముందే నింపిన రిటర్నులకు ఈ సమాచారం కూడా ఆధారం. దీనితో ‘ఏది ఎక్కడ రాయాలి’ అన్న పాత ప్రశ్న స్థానంలో ‘రాసి ఉన్నది నిజమేనా’ అన్న ప్రశ్న వచ్చింది. ఉమ్మడి ఖాతాలో వడ్డీ అంతా ఒక్కరి పేర పడినా, అమ్మిన షేర్ల కొనుగోలు ధర సరిగా లేకపోయినా సరిదిద్దవలసిన భారం చెల్లింపుదారుదే. 2024లో జూలై 31 నాటికి 7.28 కోట్ల రిటర్నులు దాఖలు కాగా, వాటిలో 5.27 కోట్లు తగ్గింపులు తక్కువగా ఉండే కొత్త పన్ను విధానంలో వచ్చాయి.

సాఫ్ట్‌వేర్ చట్టాన్ని అన్వయించే తీరు ఎంత దూరం పోగలదో చూపిన సంఘటన కూడా 2024లోనే జరిగింది. కొద్ది ఆదాయం గలవారికి పన్నులో ఊరటనిచ్చే 87ఎ రిబేటును, షేర్ల స్వల్పకాలిక లాభం వంటి ప్రత్యేక రేటు ఆదాయంమీది పన్నుకు కూడా కొత్త విధానంలో కోరవచ్చునా అన్నది వివాదాస్పదమైన విషయం. జూలై 5న శాఖ తన యుటిలిటీలో చేసిన మార్పు ఆ కోరికకు అవకాశమే లేకుండా చేసింది. అంటే, న్యాయస్థానం తేల్చవలసిన ప్రశ్నను ఫారమే ముందుగా తేల్చింది. ముంబయికి చెందిన ఛాంబర్ ఆఫ్ టాక్స్ కన్సల్టెంట్స్ ప్రజాప్రయోజన వ్యాజ్యం వేయగా, బొంబాయి హైకోర్టు సవరించిన రిటర్నుల గడువును 2025 జనవరి 15 దాకా పొడిగింపజేసి, ఆ నెలలోనే తుది తీర్పులో, రిబేటు వర్తిస్తుందో లేదో ఆ తరువాతి ప్రక్రియలో తేల్చవచ్చుగాని, దానిని కోరడమే వీలుకాకుండా యుటిలిటీ అడ్డుకోరాదని స్పష్టం చేసింది.

సాఫ్ట్‌వేర్‌తో తెగని ప్రశ్నలు మరికొన్ని ఉన్నాయి. హైదరాబాదులో అమెరికన్ కంపెనీల ఉద్యోగులకు మాతృసంస్థ షేర్లు జీతంలో భాగంగా అందుతుంటాయి. వీటిని దేశంలో సాధారణ నివాసిగా ఉన్నవారు రిటర్నులోని విదేశీ ఆస్తుల అనుబంధంలో చూపాలి. తక్కిన రిటర్ను ఏప్రిల్-మార్చి లెక్కన నడిస్తే, ఈ అనుబంధం మాత్రం జనవరి-డిసెంబరు లెక్కన సాగుతుంది. చూపకపోతే 2015 నల్లధన చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానాకు అవకాశముంది. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షలు మించనివారికి 2024 అక్టోబరు 1 నుంచి దీనినుంచి వెసులుబాటు ఇచ్చారు. విదేశాల నుంచి తిరిగివచ్చిన తెలుగువారికి, ఆ సంవత్సరం తాము నివాసులా ప్రవాసులా అన్నది తేలనిదే ఏ ఫారం వాడాలో కూడా తెలియదు. అది దేశంలో గడిపిన రోజుల సంఖ్యతోపాటు గత సంవత్సరాల ప్రయాణాల మీద కూడా ఆధారపడుతుంది.

దొంగ సాయం, కొత్త చట్టం

వాపసు వచ్చే సొమ్ములో శాతం తీసుకుంటామని చెప్పి, లేని అద్దెను, ఇవ్వని రాజకీయ పార్టీ విరాళాన్ని, లేని జబ్బు చికిత్సను తగ్గింపులుగా చూపే మధ్యవర్తులపై 2025 జూలై 14న శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. కొందరు ఒక్కసారే వందల రిటర్నులు వేయడానికి తాత్కాలిక ఈమెయిల్ చిరునామాలు తెరిచి, తరువాత వాటిని వదిలేయడంతో, శాఖ పంపిన నోటీసులు ఎవరూ చదవకుండానే పడి ఉన్నాయని తేలింది. అప్పటికి గడచిన 4 నెలలలో దాదాపు 40 వేలమంది రిటర్నులు సవరించి, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములను ఉపసంహరించుకున్నారు. తప్పు రిటర్నుకు ప్రోత్సహించినవారిని 278వ సెక్షను కింద శిక్షించవచ్చు. అయినా ఆదాయాన్ని తప్పుగా చూపినందుకు పన్నుకు రెండింతల జరిమానా పడేది చెల్లింపుదారుకే. అదే ఏడాది ఐటీఆర్-1 యుటిలిటీ బీమా పాలసీ సంఖ్యను, ఇంటి అద్దె వివరాలను అడగడం ప్రారంభించింది. 2007లో రిటర్ను నుంచి తొలగిన ఆధారాలు ఆ విధంగా గడులలోని అంకెలై తిరిగివచ్చాయి.

2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 ఆదాయపు పన్ను చట్టం 536 సెక్షన్లతో వచ్చింది. ఆదాయం వచ్చిన ఏడాదిని గత సంవత్సరంగా, లెక్క తేలే మరుసటి ఏడాదిని మదింపు సంవత్సరంగా పిలిచే పద్ధతిని తీసివేసి, రెండింటికీ ‘పన్ను సంవత్సరం’ అన్న ఒకే పేరు పెట్టింది. చలాను కట్టేటప్పుడు తప్పు సంవత్సరం ఎంచుకొని సొమ్ము వేరే ఖాతాలో పడిన కేసులు సహాయ కేంద్రాలకు నిత్యం వస్తూ ఉండేవి గనుక, ఈ మార్పుకు ఆచరణలో విలువ ఎక్కువ. కాని 2025-26లో వచ్చిన ఆదాయానికి 1961 చట్టమే వర్తిస్తుంది. పాత రిటర్నులను నవీకరించే గడువు కూడా సంబంధిత మదింపు సంవత్సరం ముగిశాక 48 నెలల దాకా ఉంటుంది. అందువల్ల ఆడిటర్లు, సాఫ్ట్‌వేర్లు, సహాయ కేంద్రాలు కొన్నేళ్లపాటు రెండు చట్టాల పదజాలంతోనూ ఒకేసారి పనిచేయవలసి ఉంటుంది.