పర్దా గేటు, కింగ్ కోఠీ

హైదరాబాదులో ఆబిడ్స్‌కు చేరువలో ఉన్న కింగ్ కోఠీ ప్యాలెస్ ద్వారం. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నివసించిన నజ్రీ బాగ్‌కు ఇదే ప్రవేశం.

పేరు: ఉర్దూలో పర్దా అంటే తెర. ఈ ద్వారానికి ఎప్పుడూ తెర వేలాడుతుండేది. నిజాం బయటికి వెళ్ళినప్పుడు దాన్ని పైకెత్తి ఉంచేవారు. కనుక ప్రభువు లోపల ఉన్నదీ లేనిదీ దారిన పోయేవారికి తెర చూస్తేనే తెలిసేది.

నిర్మాణం: ఈ ప్రాసాదాన్ని కమాల్ ఖాన్ అనే ప్రముఖుడు కట్టించుకున్నాడు. తలుపుల మీద చెక్కించిన అతని పొడి అక్షరాలు ‘కె.కె.’కు సరిపోయేలా ప్రాసాదం నిజాం చేతికి వచ్చాక ‘కింగ్ కోఠీ’ పేరు స్థిరపడిందని ప్రతీతి. అర్ధవృత్తాకారపు కమానులు, ఏటవాలు పెంకు కప్పులు, కిటికీలపై చూరులు, నగిషీ చెక్కపని ఈ సముదాయపు ఐరోపా శైలికి గుర్తులు.

పోలిక: విక్టోరియా కాలపు ఇంగ్లండు ఎస్టేట్లలో గేటు పక్కన కాపలాదారు కుటుంబానికి చిన్న ఇల్లు కట్టి, దానికి పెద్ద భవనం పోలికలే దిద్దేవారు. యజమాని హోదాను ఆ ఇల్లు చాటేది. పర్దా గేటు దగ్గర ఆ పని కాపలా సిపాయిలతో పాటు తెర చేసింది. నగరంలోనే ఉన్న చౌమహల్లా ప్యాలెస్ ద్వారం మీది ఖిల్వత్ గడియారం నగరానికి వేళ చెబితే, పర్దా గేటు ఏలిక ఉనికిని చెప్పింది.

తరువాతి కాలం: నిజాం 1967 ఫిబ్రవరి 24న ఇక్కడే మరణించాడు. ఎదురుగా ఉన్న జూడీ మసీదులో ఆయన సమాధి ఉంది. ప్యాలెస్ తూర్పు భాగం ప్రభుత్వ ఆసుపత్రి అయింది. నగర జ్ఞాపకాల్లో ఈ ద్వారం కాపాడుకోదగినది.