శ్రీనివాస్, ఉప్పలపు (1969–2014)

విద్యుత్ మాండలిన్‌ను కర్ణాటక సంగీత కచేరీలలో ప్రధానవాద్యముగా నెలకొల్పి, ఆ వాద్యముతోడనే జాజ్, రాక్ గిటారు విద్వాంసుల సరసన ప్రపంచ వేదికలపై రాణించిన ఆంధ్ర తంత్రీవాద్య విద్వాంసుడు. ‘మాండలిన్ శ్రీనివాస్’ అను పేర సుప్రసిద్ధుడు. బాలమేధావి యనియు, అతివేగ వాదకుడనియు ఇతనిని కీర్తించుట పరిపాటి. అయినను, నాదము నిలువని వాద్యమున నాదమును నిలిపి, దానిని గమకమునకు లొంగదీయుటయే ఇతని కృషిలో చిరస్థాయి యగు భాగమని తోచుచున్నది.

జననము, శిక్షణ : శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించెను. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. ఇంటనున్న తండ్రి మాండలిన్‌ను బాలుడు ఐదవ యేట చేపట్టెనని కొందరును, ఆరవ యేట నని కొందరును వ్రాసియున్నారు. వాద్యముతోడి తొలి పరిచయమునకును, క్రమశిక్షణకును భేదము పాటించినచో ఈ వైరుధ్యము చాలవరకు తొలగును. 1976 ప్రాంతమున గిటారు వాద్యకారుడు వాసూరావు ఇతనికి పాశ్చాత్య సంగీతమును పరిచయము చేసెనని తెలియుచున్నది. తరువాతి జీవితమును నిర్ణయించిన గురువు మాత్రము, చెంబై వైద్యనాథ భాగవతారు శిష్యుడును, సత్యనారాయణకు సైతము గురువును అగు రుద్రరాజు సుబ్బరాజు. ఆయన గాయకుడు, మాండలిన్ వాదనము ఎరుగడు. ఆయన పాడిన సంగతిని పాడినట్లే తంత్రులపై పలికించుట శిష్యుని వంతయ్యెను. ఇతడు స్వయంశిక్షితుడను వాడుక ఇందుండియే పుట్టియుండును. వ్రేళ్ళ పోకడల మట్టునకు ఆ మాట కొంత నిజమే గాని, రాగజ్ఞానమంతయు గురుముఖమున లభించినదే యగుటచే, సుబ్బరాజునకు ప్రాధాన్యమొసగు కథనమే స్వీకార్యము.

వాద్యము : సంప్రదాయసిద్ధమగు మాండలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తంత్రులుండును. మీటిన స్వరము క్షణములోనే క్షీణించుటవలన, పాశ్చాత్యులు ఒకే స్వరమును త్వరత్వరగా పలుమార్లు మీటి దీర్ఘత్వమును భ్రమింపజేయుదురు. కర్ణాటక రాగాలాపనకు ఈ పద్ధతి చాలదు. జంటతంత్రులను మెట్లపై సమముగా లాగి గమకము పలికించుటయు దుర్ఘటము. శ్రీనివాస్ ఉపయోగించిన వాద్యము బోలుపెట్టె లేని, పికప్ అమర్చిన విద్యుత్ మాండలిన్; దానికి జతలకు మారుగా ఐదు ఒంటి తంత్రులు. ధ్వనివర్ధకము స్వరమునకు ఆయువు నొసగగా, ఒంటి తంత్రి వ్రేలి ఒత్తిడికి అనువుగా వంగెను. తంత్రిని మెట్టుపై ప్రక్కకు లాగి స్థాయిని పెంచు ఈ ప్రక్రియ వైణికులకును, రాక్ గిటారు వాదకులకును సమానముగా పరిచితమైనదే; ఎంత లాగవలెనో, ఏ స్వరమును తాకి మరలవలెనో నిర్ణయించునది రాగలక్షణమగుటయే ఇక్కడి విశేషము.

కచేరీలు : తొలి బహిరంగ కచేరి 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములలో జరిగినట్లు పెక్కురు పేర్కొనిరి. ఆరాధన తిథియగు పుష్య బహుళ పంచమి సామాన్యముగా జనవరిలో వచ్చును గనుక, ‘తొమ్మిదేండ్ల బాలుడు’ అను ప్రసిద్ధోక్తిని, తొమ్మిది నిండినవాడని గాక తొమ్మిదవ యేట నున్నవాడని గ్రహించుట మేలు. అనంతరము కుటుంబము మద్రాసు చేరెను. అచట 1981 డిసెంబరు సంగీతోత్సవములలో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై చేసిన కచేరి ఇతనిని విద్వత్సభలకు ఎరుకపరచెను. విదేశీయ వాద్యము, అందును విద్యుత్ వాద్యము, సంప్రదాయమునకు తగునా యను శంక పొడమకపోలేదు. బాలుస్వామి దీక్షితులు చేపట్టిన వయొలిన్ పూర్వమే కర్ణాటక సంగీతమున ఇమిడిపోయి యుండుట, ఈ శంకకు చరిత్ర ముందుగానే చెప్పిన సమాధానము.

వేదికపై ఇతని తీరు నిరాడంబరము. రాక్ గిటారు వాదకుడు నిలువబడి, దేహమంతటితోను వాదనమును అభినయించును. శ్రీనివాస్ పద్మాసనస్థుడై, చిన్న వాద్యమును ఒడిలో నిడుకొని, చిరునగవు తప్ప వేరు చేష్ట యెరుగక, వయొలిన్, మృదంగ, ఘటములు తోడురాగా వర్ణము మొదలు రాగము-తానము-పల్లవి వరకు నడపును. ద్రుతకాల స్వరకల్పనకు కరతాళములు ఎక్కువ. విమర్శకుని దృష్టికి ఆలాపనలోని విళంబ సంచారములే ఎక్కువ విలువగలవి.

విదేశ వేదికలు : 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవమునను, 1992లో బార్సిలోనా ఒలింపిక్ కళోత్సవమునను వాయించెను. బెర్లిన్‌లో శ్రోతల కోరికపై నియమిత కాలమునకు మించి వాయించెనను కథ బహుళ ప్రచారమందినది. రియల్ వరల్డ్ సంస్థ 1994లో ‘రామ శ్రీరామ’ అను సంపుటిని, 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కూడిన ‘డ్రీమ్’ అను సంపుటిని వెలువరించెను. బ్రూక్ తంత్రీనాదమును కోరినంతసేపు నిలుపగల ‘ఇన్ఫినిట్ గిటారు’ను రూపొందించినవాడగుటచే, ఉభయులను కలిపినది నాదదైర్ఘ్యమను సమస్యయే యని ఊహింపవచ్చును. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రాను నెలకొల్పి రాక్, జాజ్‌లను మేళవించిన జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌తో కలిసి నడపిన ‘రిమెంబర్ శక్తి’ బృందమున శ్రీనివాస్ 1990ల చివర చేరెను. ‘ద బిలీవర్’ (2000), ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’ (2001) ఆ కూటమి ఫలములు. మెక్‌లాఫ్లిన్ 1970లలోనే మెట్ల నడుమ పలకను గుల్లగా తొలిపించిన గిటారుతో వీణాగమకమును సమీపించియుండెను. గిటారు వంక నుండి ఆయనయు, మాండలిన్ వంక నుండి శ్రీనివాసును ఒకే గమకమును వెదకిరి.

యువశ్రోతలు : హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణపు వసతిగృహములలోను, పొరుగున తార్నాక అద్దెగదులలోను గిటారు నేర్చు విద్యార్థికి, ఈ వాద్యమును తొలుత చూచినపుడు పొట్టి గిటారను భ్రమ కలుగుట సహజము. తంత్రిని లాగుట యెరిగిన అట్టి అభ్యాసికి శాస్త్రీయ సంగీత ప్రవేశమునకు శ్రీనివాస్ ధ్వనిముద్రణలకంటె సులభ మార్గము అరుదు. సంయుక్త కచేరీలకు ముందుగా ఏకవాద్య ఆలాపనములను వినుట లాభకరము.

గౌరవములు, మరణము : భారత ప్రభుత్వము 1998లో పద్మశ్రీతో సత్కరించెను, 2009 సంవత్సరపు సంగీత నాటక అకాడెమీ పురస్కారము లభించెను. కాలేయ మార్పిడి చికిత్సానంతర ఉపద్రవముల వలన 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, 46వ యేట మరణించెను. సోదరుడు యు. రాజేశ్ అన్నతో జంటకచేరీలు చేసిన మాండలిన్ విద్వాంసుడు. రాజేశ్ మెక్‌లాఫ్లిన్ యొక్క ‘ఫ్లోటింగ్ పాయింట్’ (2008) సంపుటిలోను వాయించెను. శ్రీనివాస్ శిష్యులు పలువురు నేడు మాండలిన్ కచేరీలు చేయుచుండుట, ఆ వాద్యము ఒక్కని ప్రతిభకు పరిమితము గాక సంప్రదాయముగా నిలదొక్కుకొన్నదనుటకు నిదర్శనము.