రాడారేంజ్ వారసులు

మైక్రోవేవ్ ఓవెన్ పుట్టింది హోటళ్ల కోసం. ఇళ్లలో స్థిరపడడానికి దానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. హైదరాబాద్‌లో నేను సర్వీసు చేసే బేకరీల్లో, టిఫిన్ సెంటర్లలో, ఐటీ కంపెనీల ఫుడ్ కోర్టుల్లో ఈ మాట చెబితే మాస్టర్లు నమ్మరు. ఇంట్లో ఉండే డబ్బానే కాస్త పెద్దది చేసి, స్టీలు తొడిగి తమకు అమ్మారని వాళ్ల అభిప్రాయం. అందుకే దాన్ని ఇంట్లోదానిలాగే చూస్తారు. నా దగ్గరికి వచ్చే రిపేర్లలో చాలా భాగం ఈ అపోహ వల్ల వచ్చేవే. కాబట్టి దాని పుట్టుక నుంచీ చెబుతాను.

ఈ యంత్రానికి గుండె మాగ్నెట్రాన్. 1940 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హ్యారీ బూట్ కొత్త రకం మాగ్నెట్రాన్‌ను నడిపి చూపించారు. రాగి దిమ్మెలో చుట్టూ తొలిచిన చిన్న చిన్న అరలు, నడుమ కాగే కాథోడ్, పైనా కిందా అయస్కాంతం. కాథోడ్ నుంచి బయలుదేరిన ఎలక్ట్రాన్లు అయస్కాంతం లాగుడుకు గుండ్రంగా తిరుగుతూ ఆ అరల మూతుల ముందు నుంచి దూసుకుపోతాయి. ఖాళీ సీసా మూతి మీద ఊదితే మోత పుట్టినట్టు అరల్లో మైక్రోవేవ్ తరంగాలు పుడతాయి. శత్రు విమానాన్ని దూరం నుంచే పసిగట్టే రాడార్‌కు కావలసింది అవే. ఆ ఏడాది సెప్టెంబరుకల్లా బ్రిటిష్ శాస్త్రవేత్త హెన్రీ టిజార్డ్ బృందం ఈ మాగ్నెట్రాన్‌ను అమెరికా చేర్చింది.

అక్కడ మాసచూసెట్స్ రాష్ట్రంలోని రేథియాన్ కంపెనీలో పెర్సీ స్పెన్సర్ పనిచేసేవారు. 1894లో మెయిన్ రాష్ట్రంలోని హౌలాండ్‌లో పుట్టిన ఆయనకు పసితనంలోనే తండ్రి పోయాడు. బడి మధ్యలో మానేసి పన్నెండేళ్లకే మిల్లులో పనికి కుదిరారు. రేడియో విద్య నేవీలో చేరాక, సొంతంగా పుస్తకాలు చదివి నేర్చుకున్నారు. రాగి దిమ్మెను తొలిచి మాగ్నెట్రాన్ చేయడం చాలా నిదానమైన పని. పల్చటి రేకుల్ని ఆ ఆకారంలో కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పేర్చి అతికిస్తే సరిపోతుందన్నది స్పెన్సర్ ఆలోచన. రోజుకు 17 మాత్రమే తయారయ్యే చోట యుద్ధం ముగిసేసరికి రోజుకు 2,600 తయారయ్యాయి. నడుస్తున్న మాగ్నెట్రాన్ దగ్గర నిలబడితే ఆయన జేబులో చాక్లెట్ కరిగిన కథ 1945 నాటిది, అది చాలామంది విన్నదే. రాడార్ దగ్గర వేడి తగులుతుందని అంతకుముందు కూడా కొందరికి తెలుసు. అయితే ఆ వేడి సంగతేమిటో చూద్దామని మొక్కజొన్న గింజలు తెప్పించి పేలాలు చేసి చూసినవారు ఆయన. డిగ్రీ లేకుండా ఈ పనిలోకి వచ్చిన మా మెకానిక్ కుర్రాళ్లకు ఆయన పేరు తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. నా దగ్గర పని నేర్చుకునే ప్రతి పిల్లవాడికీ మొదటి రోజే ఆయన కథ చెబుతాను.

1947లో రేథియాన్ అమ్మకానికి పెట్టిన యంత్రం పేరు రాడారేంజ్. మనిషి ఎత్తు, సుమారు 340 కిలోల బరువు, వేల డాలర్ల ధర. మాగ్నెట్రాన్ చల్లబడడానికి నీళ్ల పైపు కనెక్షన్ కూడా ఇవ్వాలి. అలాంటిది ఏ ఇంట్లో పడుతుంది? రెస్టారెంట్లు, ఓడలు, రైళ్ల భోజనశాలలే కొన్నాయి. వండిపెట్టిన పదార్థాన్ని నిమిషాల్లో వేడిచేసి వడ్డించడం వాళ్ల అవసరం. ఈ యంత్రానికి నేటికీ అసలు పని అదే. 1955లో టాపాన్ కంపెనీ ఇంటికని ఒక మోడల్ తెచ్చింది, 1,295 డాలర్లకు ఎందరు కొంటారు? 1967లో అమానా కంపెనీ 495 డాలర్లకు బల్ల మీద పెట్టుకునేది తెచ్చాకనే ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. తిరిగే గాజు పళ్లెం జపాన్‌లో షార్ప్ కంపెనీ 1966లో పెట్టింది. హోటల్ మోడళ్లలో చాలావాటికి ఇప్పటికీ ఆ పళ్లెం ఉండదు. ట్రే పెట్టాలంటే అడుగు కదలకూడదు. అందుకని పైకప్పులోనో, పింగాణీ అడుగు కిందో రేకు రెక్కలు తిరుగుతూ తరంగాల్ని అన్ని మూలలకూ చెదరగొడతాయి. ఆ రెక్కల మోటారు చెడిపోతే పప్పు ఒక పక్క మరుగుతూ, ఇంకో పక్క ఫ్రిజ్ చల్లదనంతోనే ఉంటుంది. మాస్టర్ మాత్రం పప్పును తిడతాడు.

మాగ్నెట్రాన్‌కు నీళ్ల పైపు పోయి ఫ్యాన్ వచ్చింది. చరిత్రలో ఇది చిన్న మార్పే గానీ మా పనిలో చాలా పెద్దది. నీటితో చల్లబడే యంత్రానికి వంటింటి గాలితో సంబంధం లేదు. ఫ్యాన్‌ది అలా కాదు, వంటింట్లో ఏది ఎగిరితే దాన్ని లోపలికి పీలుస్తుంది. అందుకే చాలా హోటల్ మోడళ్లకు ముందు వైపు, కింద ఒక జాలీ ఫిల్టర్ ఉంటుంది. బేకరీలో దాన్ని లాగి చూడండి. మైదా పొడి, నూనె ఆవిరి కలిసి బూడిదరంగు ముద్దలా పట్టి ఉంటుంది, గోటితో గీరితే పొరలుగా ఊడుతుంది. మధ్యాహ్నం రద్దీలో మెషిన్ దానంతట అదే ఆగి, అరగంటకు మళ్లీ పనిచేస్తోందంటే ముందు అనుమానించాల్సింది ఈ ఫిల్టర్‌నే. గాలి అందక మాగ్నెట్రాన్ కాగిపోతే థర్మల్ కటౌట్ కరెంటు తెంచుతుంది. ఒకచోట "అన్నా, మెషిన్ పోయింది, కొత్తది తెప్పించమన్నారు సార్" అన్న కుర్రాడి ముందే ఫిల్టర్ కడిగి, ఆరబెట్టి పెట్టి నడిపించాను. "అంతేనా అన్నా?" అన్నాడు. అంతే. దాన్ని కడగాలని వాడికి అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఫిల్టర్ తర్వాత లోపలి అభ్రకం షీట్ సంగతి. అభ్రకం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా ఊరు నెల్లూరు వైపు గూడూరు పక్కన. నాన్న అభ్రకం గనిలో పనిచేసేవారు. నెల్లూరు అభ్రకం ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది, పిల్లలం పొరలు విడదీసి ఎండలో పెట్టి చూసేవాళ్లం. వేడికి కాలదు, కరెంటును పోనివ్వదు. రెండో ప్రపంచ యుద్ధంలో రేడియోలకూ రాడార్లకూ అది లేకపోతే గడవదని బ్రిటన్, అమెరికా కలిసి కలకత్తాలో ఒక మిషన్ పెట్టి మరీ మన దేశపు అభ్రకం కొన్నాయి. ఓవెన్ లోపల తరంగాలు వచ్చే కంతకు అడ్డంగా ఉండే షీట్ అభ్రకంతో చేసిందే. ఇప్పుడు వచ్చేది అభ్రకం పొట్టును జిగురుతో కలిపి నొక్కిన అట్ట. కొన్ని మోడళ్లలో దాని బదులు ప్లాస్టిక్ షీల్డ్ ఉంటుంది. ఈ షీట్ మీద కూర చింది, తుడవకుండా వదిలేస్తే నూనె పీల్చుకుని ఆ మరక బొగ్గవుతుంది. బొగ్గు కరెంటును పోనిస్తుంది కాబట్టి చిటపటమని నిప్పురవ్వలు లేస్తాయి. షీట్‌కు గోధుమరంగు అంచుతో కంత పడుతుంది. అప్పుడే కొత్త ముక్క కత్తెరతో కత్తిరించి పెడితే పెద్ద ఖర్చేమీ కాదు. అలాగే నడిపితే మాగ్నెట్రాన్ మూతి మీది టోపీ కాలిపోయి మొత్తం మార్చాల్సి వస్తుంది.

ఇక తలుపు. ఓవెన్లు ఇళ్లలోకి వస్తున్న కాలంలోనే తరంగాలు బయటికి కారతాయన్న భయం అమెరికాలో పెరిగింది. 1968లో చట్టం, 1971లో ఓవెన్ల కోసం ప్రమాణం వచ్చాయి. 5 సెంటీమీటర్ల దూరంలో కొలిస్తే అమ్మేముందు చదరపు సెంటీమీటరుకు 1 మిల్లీవాట్, తర్వాత యంత్రం బతికినన్నాళ్లూ 5 మిల్లీవాట్లు దాటకూడదు. తలుపు తెరిస్తే తరంగాల్ని ఆపే స్విచ్‌లు రెండైనా ఉండాలి. ఆ స్విచ్‌లు అతుక్కుపోతే ఫ్యూజును కాల్చేసే కాపలా స్విచ్ కూడా ఉంటుంది. అంటే ఫ్యూజు పోయిందంటే కారణం ఒక్కోసారి తలుపు. ఒక క్యాంటీన్‌లో ఆ ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టి ఉండడం చూశాను. తలుపు తీసినా లోపల హోరు ఆగలేదు. ప్లగ్ పీకి, మెషిన్‌ను బయట పెట్టించేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు. టైమ్ అయ్యేదాకా ఆగకుండా ప్రతిసారీ తలుపు లాగితే ఆ స్విచ్‌లే ముందు అరుగుతాయి, స్టాప్ నొక్కి తీయడం అలవాటు చేయాలి. అంచు గాడిలో తరంగాన్ని అడ్డుకునే కొలత ఉంది, తలుపును దబ్బున వేస్తూ కీలు వంచితే ఆ కొలత తప్పుతుంది.

మెషిన్ బలం తగ్గిందో లేదో తెలుసుకునే పరీక్ష ఒకటి చెబుతాను. లీటరు నీళ్ల వేడి థర్మామీటరుతో చూసి, ఫుల్ పవర్‌లో సరిగ్గా ఒక్క నిమిషం పెట్టి, కలిపి మళ్లీ చూడండి. పెరిగిన డిగ్రీల్ని 70తో గుణిస్తే దాదాపు వాట్లు వస్తాయి. 20 డిగ్రీలు పెరిగితే 1,400. పెట్టె మీద రాసినదానికి బాగా తక్కువ వస్తే మాగ్నెట్రాన్ అరిగిందో, కరెంటు చాలడం లేదో చూడాలి.

హోటల్ యజమానులకు నా విన్నపం. రాత్రి కొట్టు కట్టేముందు లోపల తడిగుడ్డతో తుడిపించండి, వారానికోసారి ఫిల్టర్ కడిగించండి, లోపల ఏమీ పెట్టకుండా నడపనివ్వకండి. వెనక కవర్ స్క్రూలు మాత్రం మీరు గానీ, వీధి చివరి ఎలక్ట్రీషియన్ గానీ విప్పకండి. ప్లగ్ పీకాక కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది.