పక్కవాద్యం చేసిన కచేరీ

కచేరీలో పక్కవాద్యానికి ఒక మర్యాద ఉన్నది. గాయకుని పాటకు అది ఆలంబనగా నిలువవలె; పాటను మించిపోరాదు. తని ఆవర్తనం వచ్చినప్పుడే మృదంగ విద్వాంసుడు తన విద్వత్తును పూర్తిగా వెల్లడించగలుగుతాడు. ఆ పక్కవాద్యమే గాత్రాన్ని విడిచి స్వయంగా కచేరీకి పూనుకుంటే ఏమవుతుంది? ఇంగ్లండులో మూడేండ్ల కాలం మాత్రమే మనిన 'ది నైస్' అనే రాక్ బృందం చరిత్రలో మనకు దీనికి సమాధానం దొరుకుతున్నది.

అమెరికా నుండి వచ్చి లండనులో నిలిచిపోయిన గాయని పి. పి. ఆర్నాల్డ్‌కు సహకారం అందించడానికి 1967లో ఈ బృందం ఏర్పడినది. కీత్ ఎమర్సన్ ఆర్గన్, లీ జాక్సన్ బాస్ గిటారు, డేవిడ్ ఒలిస్ట్ గిటారు వాయించినారు. డ్రమ్ముల వద్దకు కొద్దికాలంలోనే బ్రయాన్ డేవిసన్ వచ్చినాడు. ఆ ఏడు ఆగస్టులో విండ్సర్ సంగీతోత్సవంలో విడిగా వాయించే అవకాశం లభించగా, శ్రోతలు వీరిని ప్రత్యేకంగా గుర్తించినారు. అనతికాలంలోనే వీరు స్వతంత్రులైనారు. బి.బి.సి.లో జాన్ పీల్ నిర్వహించిన 'టాప్ గేర్' కార్యక్రమం వీరి వాద్యాన్ని ఇంటింటికీ చేర్చినది.

పియానో శాస్త్రీయంగా అభ్యసించిన ఎమర్సన్, బాఖ్, సిబేలియస్, చైకోవ్‌స్కీ రచనలను రాక్ బాణీలోనికి మలచినాడు. హామండ్ ఆర్గన్ మెట్ల మధ్య కత్తులు గ్రుచ్చడం చూచి వెర్రివేషమని ఈసడించినవారు లేకపోలేదు. కాని ఆ కత్తి నొక్కిపెట్టిన స్వరం మన తంబూరా శ్రుతి వలె ఎడతెగక మ్రోగుతుండగా, అతని చేతులు వేరొక గతిలో విహరించగలిగేవి. వేషం వెనుక విద్య ఉన్నది.

సాహసం హద్దు మీరిన సందర్భమూ ఉన్నది. 1968 జూన్ 26న లండను రాయల్ ఆల్బర్ట్ హాలులో, బెర్న్‌స్టెయిన్ రచించిన 'అమెరికా' వరుసను వాయిస్తూ అమెరికా పతాక చిత్రాన్ని వేదికపై తగులబెట్టినారు. ఆ హాలువారు వీరిని బహిష్కరించినారు. ఆ సంవత్సరమే ఒలిస్ట్ వైదొలగినాడు. రాక్ సంగీతానికి ప్రాణమనుకునే గిటారు లేకుండానే ముగ్గురూ ముందుకు సాగినారు.

న్యూకాసిల్ కళోత్సవం కోరగా రచించిన 'ఫైవ్ బ్రిడ్జెస్' వీరి కృషికి శిఖరం. టైన్ నదిపై నాడున్న ఐదు వంతెనలే దానికి పేరు నిచ్చినవి. మాటలు కూర్చిన జాక్సన్‌కు న్యూకాసిల్ స్వస్థలం. 1969 అక్టోబరు 10న ఆ నగరంలోనే వాద్యగోష్ఠితో కలిసి దీనిని ప్రదర్శించినారు; వారం తరువాత క్రాయ్‌డన్‌లో జోసెఫ్ ఈగర్ నిర్వహణలో రికార్డు చేసినారు. నిష్పక్షపాతంగా చెప్పవలెనంటే, ఇందులో వాద్యగోష్ఠి, రాక్ బృందం ఏకమై పలికే చోట్లకంటె వంతులు వేసుకొని పలికే చోట్లే ఎక్కువ. అయినా రెండు ఒడ్ల వారూ ఒకరినొకరు ఆలకించినారు. అదియే గొప్ప.

ఇంతలో ఎమర్సన్ మనసు మారినది. తన ఊహలకు దీటైన గాత్రం ఆతనికి కావలసివచ్చినది. 1970 మార్చిలో బృందం విడిపోయినది. జూన్‌లో వెలువడిన 'ఫైవ్ బ్రిడ్జెస్' రికార్డు బ్రిటనులో రెండవ స్థానం అందుకొనేనాటికి, దానిని వాయించిన బృందమే లేదు! ఎమర్సన్ గ్రెగ్ లేక్, కార్ల్ పామర్‌లతో కొత్త బృందం కట్టి జగత్ప్రసిద్ధుడైనాడు. జాక్సన్, డేవిసన్ 1973లో పాట్రిక్ మొరాజ్‌తో 'రెఫ్యూజీ' స్థాపించగా, మరుసటి ఏడే మొరాజ్ మరొక బృందానికి తరలిపోయినాడు. 2002లో మాత్రం ముగ్గురూ తిరిగి ఒక వేదికపై కలిసినారు. డేవిసన్ 2008లోను, ఎమర్సన్ 2016లోను కీర్తిశేషులైనారు.

పక్కవాద్యం కచేరీ చేయగలదని వీరు నిరూపించినారు. కాని ఆ కచేరీలోనే ఒకడు ప్రధానుడై, ఇద్దరు మరల పక్కవాద్యమైనారు. ఆ రికార్డు వినే అవకాశం కలిగినప్పుడు, ఆర్గన్ మెరుపుల క్రింద నిలకడగా సాగే జాక్సన్ బాస్‌ను, డేవిసన్ లయను కూడ మనం చెవియొగ్గి ఆలకించుదము. వంతెనను మోసినవి ఆ స్తంభాలే.