థాలిడొమైడ్ ఒక్కటే కారణమా? ఫార్మాస్యూటికల్ మెడిసిన్ చదువు పుట్టిన తీరు

ఫార్మాస్యూటికల్ మెడిసిన్ అనే పీజీ చదువు చరిత్ర ఎవరు రాసినా థాలిడొమైడ్‌తోనే మొదలుపెడతారు. గర్భిణులు వేవిళ్లకు వేసుకున్న మాత్ర వల్ల పదివేల మందికి పైగా పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు, లోకం ఉలిక్కిపడింది, కొత్త మందును ఎలా పరీక్షించాలో డాక్టర్లకు నేర్పక తప్పదని అప్పుడే తేలింది అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేం.

అంతకు ముందరి ఘట్టాలు చాలామందికి తెలిసినవే. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్‌ను విషపూరితమైన ద్రావకంలో కలిపి అమ్మిన సిరప్ వందమందికి పైగా ప్రాణాలు తీసింది. అమ్మకానికి ముందే మందు భద్రత చూపాలన్న చట్టం ఆ మరుసటి ఏడే వచ్చింది. 1948లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ స్ట్రెప్టోమైసిన్ ట్రయల్ ఫలితాలు ప్రకటించింది. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్‌లో బయోకెమిస్ట్రీ డాక్టరేట్ పొందిన యల్లాప్రగడ సుబ్బారావు అదే దశకంలో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో పరిశోధన నడిపించారు. ఆయన బృందం పంపిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. ఫైలేరియాకు నేటికీ వాడే డైఇథైల్‌కార్బమజైన్ కూడా ఆ ప్రయోగశాల నుంచి వచ్చిందే. వైద్యం చదివినవాడు కంపెనీలో ఏం చేయగలడో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఆ పనికి అప్పటికింకా పాఠ్యప్రణాళిక లేదు, పరీక్షా లేదు.

ఇక అసలు వివాదం. బ్రిటన్‌లో మందుల కంపెనీల మెడికల్ అడ్వైజర్లు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నది 1957లో. థాలిడొమైడ్ పశ్చిమ జర్మనీ దుకాణాల్లోకి వచ్చింది కూడా ఆ ఏడాది అక్టోబరులోనే. అంటే 1961 చివర్లో ఆ మందును వెనక్కి తీసుకునే నాటికి ఈ డాక్టర్ల సంఘానికి నాలుగేళ్లు. దాన్ని పుట్టించింది విపత్తు కాదు. యుద్ధం తర్వాత యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్లు, మానసిక వ్యాధుల మందులు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడుతుంటే కంపెనీల్లో డాక్టర్ల పని పెరిగింది. ఆ పని చేసేవాళ్లను తోటి వైద్యులు వైద్యం వదిలేసి వ్యాపారంలో చేరినవాళ్లుగా చూసేవారు. గుర్తింపు కావాలన్న ఆరాటం ఈ చరిత్రలో మొదటినుంచీ ఉంది. థాలిడొమైడ్ కథ చెప్పేవాళ్లు దాన్ని దాటేస్తారు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. విపత్తే కారణమైతే చదువు 1962లోనో 1963లోనో మొదలు కావాలి. కాలేదు. 1963లో సర్ డెరిక్ డన్‌లప్ అధ్యక్షతన మందుల భద్రతా కమిటీ ఏర్పడింది. మరుసటి ఏడు యెల్లో కార్డు వచ్చింది. ఏ డాక్టరైనా మందు మీద అనుమానాన్ని ఆ పసుపు కార్డు మీద రాసి పంపవచ్చు. ఆ వ్యవస్థను నిలబెట్టిన విలియం ఇన్‌మన్ అంతకు ముందు ఐసీఐ కంపెనీలో పనిచేసిన వైద్యుడు. నైపుణ్యం ఉన్నవాళ్లు అప్పటికే ఉన్నారు. కానీ అది పనిలో పడి, పెద్దల పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య. బ్రిటన్‌లోని మూడు రాయల్ కాలేజీలు ఫార్మాస్యూటికల్ మెడిసిన్ డిప్లొమాకు తొలి పరీక్ష పెట్టింది 1976లో. థాలిడొమైడ్‌కూ దానికీ మధ్య పద్నాలుగేళ్లు దాటిపోయాయి.

ఆ ఖాళీని పూరించేది చట్టం. 1968 మెడిసిన్స్ యాక్ట్ 1971లో అమలులోకి వచ్చాక ప్రతి కొత్త మందుకూ లైసెన్సు, కంపెనీల ట్రయల్స్‌కు సర్టిఫికెట్ తప్పనిసరి అయ్యాయి. అంతవరకూ కమిటీకి సహకరించడం కంపెనీల ఇష్టం. ఇప్పుడు జంతు పరీక్షల ఫలితాలు, మోతాదు లెక్కలు, ట్రయల్ గణాంకాలు అన్నీ ఒక్క దరఖాస్తులో పొందిక కుదరాలి. దాన్ని చదివి సంతకం పెట్టే డాక్టరుకు టాక్సికాలజీ కొంత, స్టాటిస్టిక్స్ కొంత, చట్టం కొంత తెలియాలి. ఏ మెడికల్ కాలేజీ ఈ మూడింటినీ కలిపి చెప్పలేదు. డిప్లొమా సిలబస్‌లోని అధ్యాయాలు ఆ దరఖాస్తులోని భాగాలకు అంత దగ్గరగా ఉండటం యాదృచ్ఛికం అనుకోలేం.

చట్టంతో పాటు చెప్పుకోవలసింది ప్రాక్టొలాల్. గుండెజబ్బుకు ఐసీఐ తెచ్చిన ఈ బీటా బ్లాకర్ 1970లో మార్కెట్‌లోకి వచ్చింది. అప్పటి నియమాలన్నీ పాటించే వచ్చింది. జంతువుల్లో ఏ ప్రమాదమూ కనిపించలేదు. నాలుగేళ్లకు కొందరు రోగుల చర్మం పొలుసులు కట్టింది, కళ్లలో తడి ఆరిపోయింది, కొందరికి చూపే పోయింది. లండన్ మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి వైద్యుడు పీటర్ రైట్ 1975లో ఈ లక్షణాలన్నింటినీ ఒకచోట కూర్చి ప్రచురించారు. పాత కేసులు యెల్లో కార్డుల మీద వందల్లో వచ్చిపడింది ఆ సమాచారం వైద్య పత్రికల్లో వెలువడిన తర్వాతే. అంతవరకూ ఆ కళ్లను చూసిన డాక్టర్లు ఉన్నారు. కన్ను చూసినవాడు గుండె మాత్ర సంగతి అడగలేదు, గుండె చూసినవాడు కన్ను సంగతి అడగలేదు. కార్డు బల్లమీద ఉన్నా ఏం రాయాలో తట్టకపోతే ఏం లాభం?

ప్రాక్టొలాల్ వల్లే డిప్లొమా వచ్చిందనడం కూడా సరికాదు. రాయల్ కాలేజీలు ఒక పరీక్షను ఏడాదిలో తయారు చేయవు, సన్నాహం అంతకు ముందే సాగి ఉంటుంది. అయినా థాలిడొమైడ్ చట్టం అవసరాన్ని చెప్పిందనుకుంటే, చట్టం చాలదనీ, తర్ఫీదు పొందిన వివేకం కావాలనీ చెప్పింది ప్రాక్టొలాల్. చదువు చరిత్రలో రెండో పాఠానికే ఎక్కువ చోటు దక్కాలి.

ఆ తర్వాతి దారి సాఫీగానే సాగింది. కార్డిఫ్‌లో 1970ల చివర్లో మొదలైన కోర్సు ఉద్యోగంలో ఉన్న డాక్టర్లను కొన్నాళ్లపాటు విడతలు విడతలుగా పిలిచి అక్కడే ఉంచుకుని బోధించేది. 1989లో బ్రిటన్‌లో ఫార్మాస్యూటికల్ మెడిసిన్ ఫ్యాకల్టీ, 1991లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ కేంద్రం, 2002లో బ్రిటన్‌లో స్పెషాలిటీగా గుర్తింపు వచ్చాయి. 2009లో మొదలైన ఫార్మాట్రెయిన్ ఐరోపా కోర్సులకు ఉమ్మడి సిలబస్ తెచ్చింది. ఫార్మసిస్టులకు, నర్సులకు, శాస్త్రవేత్తలకు కూడా తలుపులు తెరుచుకున్నాయి. ఇది మంచి మార్పు. లోపం మరోచోట ఉంది. కంపెనీ దరఖాస్తు అవసరం నుంచి పెరిగిన చదువు ఇప్పటికీ కంపెనీ వైపే మొగ్గి ఉంది. ట్రయల్ జరిగే ఆసుపత్రిలోనూ, దాన్ని ఆమోదించే ఎథిక్స్ కమిటీలోనూ కూర్చునేవారికి అది చేరడం లేదు.

ఆ లోటు తెలుగు నేల మీద బాగా తెలుస్తుంది. హైదరాబాద్ నిమ్స్‌లో క్లినికల్ ఫార్మకాలజీ డీఎం ఉంది, 2008 నుంచి దేశంలో ఆరేళ్ల ఫార్మ్ డీ ఉంది. ఫార్మాస్యూటికల్ మెడిసిన్ పేరుతో గుర్తింపు పొందిన వైద్య స్పెషాలిటీ మాత్రం లేదు. ఫార్మ్ డీ చదివిన ఎందరో పిల్లలు హైదరాబాద్ ఆఫీసుల్లో ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే మందుల ఫిర్యాదులను చూస్తున్నారు. రోగి ఎవరు, చెప్పిందెవరు, ఏ మందు, ఏ హాని అనే నాలుగూ ఉంటేనే అది కేసు. 'కళ్లు మండుతున్నాయి' అని రోగి అన్నమాటకు మెడ్‌డ్రా నిఘంటువులో సరిపోయే పదం వెతికి ఎక్కించాలి. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల కొన్ని నెలల కోర్సులు ఇంతవరకు చక్కగానే నేర్పుతాయి. ఆ మంట వెనుక మందు ఉందా అని అడగడం నేర్పడానికి కొన్ని నెలలు చాలవు.

ఈ లోటు ఏం చేస్తుందో ఇక్కడే చూశాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14,000 మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టును మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఆపేశారు. టీకా వేయించుకున్న పిల్లల్లో కొందరి మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ కమిటీ తేల్చింది. తప్పు టీకాది కాదు. తల్లిదండ్రుల సమ్మతి పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. దుష్ఫలితాలను నమోదు చేసే ఏర్పాటు బలహీనంగా ఉంది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ లోపాలను తీవ్రంగా తప్పుపట్టింది. అక్కడ కొరవడినవి సమ్మతి, నమోదు, నిఘా. ఈ చదువు నేర్పేవి ఆ మూడే.

ఎథిక్స్ కమిటీ సభ్యులు శిక్షణ పొందాలని మన దేశపు 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనలే చెబుతున్నాయి. విజయవాడ, వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు రెండూ కలిసి, కార్డిఫ్ పద్ధతిలో, ఉద్యోగం మానకుండా చదివే డిప్లొమా ఒకటి మొదలుపెట్టాలి. అందులో మొదటి సీట్లు జిల్లా ఆసుపత్రి డాక్టర్లకు, నర్సులకు, ఎథిక్స్ కమిటీ సభ్యులకు ఇవ్వాలి, ఫీజు ప్రభుత్వం భరించాలి.