సభలు – సీమ పట్టణములు

ఒక ఊరిలో పెద్ద సభ జరిగినపుడు పత్రికలు వేదిక మీది ఉపన్యాసములనే ప్రకటించును. ఆ రెండు మూడు దినములలో పూటకూళ్ళ యింట ఎన్ని విస్తళ్ళు లేచినవో, జట్కావాడు స్టేషనుకు ఎన్ని మారులు పోయి వచ్చెనో, పందిరి వేసినవానికిని అచ్చుకూటమునకును ఎంత పని దొరకెనో ఎవరును వ్రాసి పెట్టరు. అతిథి మాట వినుటకే వచ్చినను, రొక్కము వెచ్చించి పోవును. వానలు చాలని కర్నూలు, కడప ప్రాంతములకు ఇట్టి రాబడి చిన్నది కాదు. పొలము పండని యేట సైతము ఇది పండును. ఈ దృష్టితో మన సీమ చరిత్రలోని రెండు మూడు ఘట్టములను నేడు స్మరింతము.

1928 నవంబరులో ఆంధ్ర మహాసభ నంద్యాలలో సమావేశమైనది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అధ్యక్షులు. దానితోపాటు దత్తమండలముల సభ కడప కోటిరెడ్డి గారి అధ్యక్షతన జరిగినది. 1800లో నిజాము ఇంగ్లీషు కంపెనీకి ఒప్పగించుటచే ఈ ప్రాంతమునకు వచ్చిన దత్తమండలములను పేరు జనులకు కంటకముగా నుండెను. చిలుకూరి నారాయణరావు గారు 'రాయలసీమ' యను పేరు సూచింపగా సభ దానిని ఆమోదించెను. గుంటూరు–గుంతకల్లు రైలు మార్గము మీద నున్న నంద్యాలకు నలుదిక్కుల నుండి ప్రతినిధులు చేరుట సులభము. వేసవిలోను నీరు తరుగని కోనేరు గల మహానంది క్షేత్రము సమీపముననే యున్నది. దారి, బస, చూడదగిన చోటు – ఈ మూడును గల ఊరికే సభలు అచ్చివచ్చును.

రాజధాని యనగా ఏడాది పొడుగున సాగు సభయే. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికను పురస్కరించుకొని, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము కర్నూలు రాజధానిగా అవతరించినది. నెహ్రూ గారు ప్రారంభోత్సవమునకు విచ్చేసిరి; ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి యైరి. కచేరీలకును ఉద్యోగులకును కట్టడములు చాలక గుడారములు వెలసినవి. తుంగభద్ర యొడ్డున కొండారెడ్డి బురుజు చుట్టును ఒదిగియున్న ఊరికి ఒక్కసారిగా శాసనసభ్యులు, అర్జీదారులు, వర్తకులు వచ్చి చేరిరి. కాని 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలినది. గుడారము నిలుపుట ఎంత సులభమో, విప్పుటయు అంతే సులభము. ఆ సంవత్సరముననే ఏర్పడిన వైద్య కళాశాల మాత్రము నేటికిని రోగులను, విద్యార్థులను ఊరికి రప్పించుచునే యున్నది.

జెనీవా నగర చరిత్ర ఇందుకు భిన్నము. 1920లో నానాజాతి సమితి అక్కడ నెలకొన్నది. 1946లో అది రద్దయినది. అయినను దానికై కట్టిన సౌధము నిలిచి, ఐక్యరాజ్యసమితికి ఉపయోగపడినది. సమితి పోయినను సభలు పోలేదు. కర్నూలు కోల్పోయినది ప్రతిష్ఠ మాత్రమే కాదు. కట్టడము లేనందున అతిథులు మరల వచ్చుటకు కారణమును కోల్పోయినది.

కడప ప్రాంతమున మరియొక దృష్టాంతము కలదు. రాష్ట్ర విభజన పిమ్మట 2015 నుండి ఒంటిమిట్ట కోదండరామస్వామి కల్యాణమును ప్రభుత్వము అధికారికముగా జరుపుచున్నది. వెన్నెల రాత్రి జరుగు ఆ యుత్సవమునకు వచ్చినవారు ఆ రాత్రికి ఎచ్చటనో తలదాచుకొనవలెను గదా! మరునాడు దేవుని కడపయో, పెన్న లోయ మీది గండికోటయో చూచి పోయిన యెడల, ఒక పూట అతిథి రెండు దినముల అతిథి యగును. భోజనము, బస, బాడుగబండి – అన్నిటి రాబడియు రెట్టింపగును.

ఇప్పుడు దారి కొరత తీరినది. 2015లో కడపకును, 2021లో కర్నూలు చెంత ఓర్వకల్లుకును విమానములు రాసాగినవి. బెలుం గుహలు, యాగంటి, అహోబిలము ఎట్లును మనకున్నవి. ఇక కావలసినవి నాలుగు కాలములు నిలుచు సభామందిరములు, శుభ్రమైన బసలు, వచ్చినవారిని బాడుగ విషయమున మోసగింపని మర్యాద. మందిరములు ప్రభుత్వము కట్టవలెను. మర్యాద మనమే నిలుపుకొనవలెను. నంద్యాల సభ మనకొక పేరిచ్చినది. ఆ పేరు విని వచ్చు అతిథి మరల రావలెనను కోరికతో పోవునట్లు చూచుట మన వంతు.