అన్నవాహిక కేన్సర్ చికిత్స: ఎమ్మారై స్కాన్ మాటకు ఎంత విలువ ఇవ్వాలి?

అన్నవాహిక కేన్సర్‌కు ముందు కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చి, ఆ తర్వాత ఆపరేషన్ చేసే పద్ధతికి బలమైన ఆధారం నెదర్లాండ్స్‌లో జరిగిన క్రాస్ ప్రయోగం. 5 వారాల పాటు వారానికోసారి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ మందులు, వాటితో పాటు 23 విడతల్లో 41.4 గ్రే రేడియేషన్ ఇచ్చారు. 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఈ చికిత్స తీసుకుని ఆపరేషన్‌కు వెళ్లినవారి మధ్యస్థ జీవితకాలం 49.4 నెలలు. నేరుగా ఆపరేషన్ చేయించుకున్నవారిది 24 నెలలు. అందరూ ఉదహరించే సంఖ్యలివి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వాటి పక్కనున్న మరో సంఖ్య. కోసి తీసిన అన్నవాహికను పాథాలజిస్టులు పరీక్షిస్తే 29 శాతం మందిలో బతికున్న కేన్సర్ కణం ఒక్కటీ కనిపించలేదు. గ్రంథి కణాల్లో పుట్టే అడినోకార్సినోమా రకంలో ఇది 23 శాతం, లోపలి పొరలోని పొలుసు కణాల్లో పుట్టే స్క్వేమస్ రకంలో ఏకంగా 49 శాతం.

అన్నవాహికను తీసేసి, జీర్ణాశయాన్ని గొట్టంలా మలిచి, పైకి లాగి కుట్టే ఆపరేషన్ చిన్నది కాదు. అతుకు దగ్గర లీకులు, న్యుమోనియా, ఆ తర్వాత జీవితాంతం కొంచెం కొంచెంగా తినాల్సిన పరిస్థితి. స్క్వేమస్ రోగుల్లో సుమారు సగం మందికి ఇదంతా జరిగిన రోజున తీయడానికి అక్కడ కేన్సరే లేదు. ఆ సంగతి ముందే కనిపెట్టగలమా? కనిపెట్టే పనిలో ఎమ్మారై ఏ మేరకు సాయపడుతుంది? నా వాదన ఇది: ఎమ్మారై సత్తా చికిత్స ముగిశాక తీసే బొమ్మలో కంటే, చికిత్స నడుస్తుండగా నమోదయ్యే మార్పులో ఉంది. ఆ మార్పును కొలిచే పద్ధతి మాత్రం ఒక రోగికి ఆపరేషన్ వద్దని చెప్పగలిగేంతగా ఇంకా గట్టిపడలేదు.

ఇప్పటికే చేతిలో ఉన్న సాధనాలు తీసిపారేయదగ్గవేం కావు. ఎండోస్కోపీతో లోపలి పొరను కళ్లారా చూడొచ్చు, ముక్క తీసి పరీక్షకు పంపొచ్చు. చిక్కల్లా, చికిత్స తర్వాత మిగిలే కణాలు పై పొర కింద, గోడ లోతుల్లో ఉండిపోవచ్చు. పైన పుండు మాని నున్నగా కనిపిస్తుంది. 2018లో వచ్చిన ప్రీసానో అధ్యయనం ఈ ప్రమాదాన్ని లెక్కగట్టింది. చెప్పుకోదగ్గంత కేన్సర్ మిగిలిన రోగుల్లో 31 శాతం మందిని మామూలు బయాప్సీలు పట్టుకోలేకపోయాయి. ముక్క తీసిన గుంటలోనే మళ్లీ తీస్తూ లోతుకు వెళ్లి, అనుమానించిన లింఫు గ్రంథుల నుంచి సూదితో నమూనా కూడా తీసుకుంటే ఆ లోపం 10 శాతానికి తగ్గింది. పెట్ స్కాన్ చూసేది గ్లూకోజు వాడకాన్ని. రేడియేషన్‌కు వాచిన అన్నవాహిక కూడా గ్లూకోజును బాగానే లాక్కుంటుంది. దాంతో మిగిలిన కేన్సర్‌ను, మామూలు వాపును వేరు చేయడం కష్టమవుతుంది. అయితే దూరపు అవయవాలకు పాకిన కేన్సర్‌ను బయటపెట్టడంలో పెట్ స్కాన్ స్థానం పదిలం. ఎమ్మారై వచ్చి దాన్ని ఇంటికి పంపుతుందని అనుకోనక్కర్లేదు.

ఎమ్మారై పద్ధతుల్లో ఇక్కడ కీలకమైనది డిఫ్యూజన్ స్కాన్. కణాలు కిక్కిరిసిన కణితిలో నీటి అణువులు, జాతరలో జనం మధ్య ఇరుక్కున్న మనిషిలా, కదలడానికి చోటు లేక ఉంటాయి. చికిత్సకు కణాలు చచ్చి, వాటి పొరలు చిట్లితే ఆ చోటు పెరుగుతుంది. నీటి కదలికను అయస్కాంత ప్రవణతల జంటతో కొలవొచ్చని స్టెయ్‌స్కాల్, టానర్ 1965లో చూపించారు. 1980లలో డెనీ ల బియాన్ బృందం దాన్ని వైద్య చిత్రణలోకి తెచ్చింది. కదలికకు స్కాన్ ఎంత సున్నితంగా స్పందించాలో నిర్ణయించేది బి విలువ. రెండు మూడు బి విలువల దగ్గర సిగ్నల్ ఎంత పడిపోయిందో చూసి ఏడీసీ అనే అంకెను లెక్కిస్తారు. నీరు స్వేచ్ఛగా కదిలితే ఏడీసీ ఎక్కువ, ఇరుకైతే తక్కువ.

ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. చికిత్సకు ముందు కణితిలో బి విలువ 0 దగ్గర సిగ్నల్ 400, బి విలువ 800 దగ్గర 120 అనుకుందాం. ఏడీసీ సుమారు 1.5 వస్తుంది (సెకనుకు చదరపు మిల్లీమీటరులో వెయ్యో వంతులు దీని కొలమానం). రెండు వారాల చికిత్స తర్వాత అదే 400 నుంచి 81కి పడితే ఏడీసీ 2.0. పెరుగుదల 33 శాతం.

ఈ పెరుగుదలకు వైద్యపరంగా అర్థమేమిటో వెతికిన తొలి అధ్యయనాల్లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం బృందం 2015లో ప్రచురించినది ఒకటి. రోగులు 20 మంది. చికిత్సకు ముందు, చికిత్స మధ్యలో, ముగిశాక ఆపరేషన్‌కు ముందు, ఇలా మూడుసార్లు స్కాన్లు తీశారు. అన్నిటికంటే బాగా జోస్యం చెప్పింది మధ్యలో తీసిన స్కానే. ఏడీసీ పెరుగుదల 29 శాతం కంటే తక్కువుంటే కేన్సర్ మిగిలే ఉందని చెప్పడంలో ఆ గీత సెన్సిటివిటీ (కేన్సర్ మిగిలినవారిని పట్టుకోవడం) 100 శాతం, స్పెసిఫిసిటీ (కేన్సర్ పోయినవారిని సరిగ్గా గుర్తించడం) 75 శాతం. వినడానికి ఘనంగా ఉంటుంది. కానీ కేన్సర్ పూర్తిగా పోయినవారు ఆ 20 మందిలో నలుగురే. 75 శాతం అంటే నలుగురిలో ముగ్గురు. ఒక్క రోగి అటు మొగ్గి ఉంటే 100, ఇటు మొగ్గి ఉంటే 50. ఇలాంటి అధ్యయనాలను శాతాల్లో చదవడం మానేసి తలలు లెక్కపెట్టి చదవాలని నా అభిప్రాయం. దారి చూపినందుకు ఆ పరిశోధనను మెచ్చుకోవాలి, 29 అనే అంకెను మాత్రం పట్టుకు వేలాడకూడదు.

పై లెక్కకే తిరిగి వద్దాం. మొదటి స్కాన్‌లో 1.5 రావాల్సింది 1.6 వచ్చిందనుకోండి. కణితి అంచు గీయడంలో రేడియాలజిస్టు చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే చాలు, అంత తేడా రావొచ్చు. ఇప్పుడు 2.0కి చేరిన పెరుగుదల 25 శాతమే. మొన్న గీతకు పైనున్న రోగి ఇవాళ గీత కిందికి వచ్చేశాడు. అతని ఒంట్లో మారిందేమీ లేదు.

అన్నవాహిక ఉన్న చోటు కూడా ఈ అవస్థను పెంచుతుంది. వెనక వెన్నెముక, ముందు శ్వాసనాళం, గుండె, అటూ ఇటూ గాలి నిండిన ఊపిరితిత్తులు. గాలికీ కణజాలానికీ మధ్య సరిహద్దుల్లో డిఫ్యూజన్ బొమ్మ వంకర్లు పోతుంది. గుండె కొట్టుకుంటుంది, ఛాతీ లేచి పడుతుంది, రోగి గుటక వేస్తాడు. మింగలేని రోగికి నోట్లో ఊరే లాలాజలమే పెద్ద బాధ, యంత్రంలో వెల్లకిలా పడుకోబెట్టాక మరీను. పైగా చికిత్స బాగా పనిచేసే కొద్దీ కణితి చిక్కిపోయి, కొలవడానికి మిగిలే చోటు తగ్గిపోతుంది. పక్కనున్న మామూలు గోడ కూడా ఆ అంకెలో కలిసిపోతుంది.

చికిత్స ముగిశాక మరో సమస్య ఎదురవుతుంది. చచ్చిన కణాల స్థానంలో మచ్చ కణజాలం ఏర్పడుతుంది. గట్టి మచ్చలో కూడా నీటి కదలిక తక్కువే. వాపు ఉంటే గోడ మందంగా కనిపిస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని నెదర్లాండ్స్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు చికిత్స తర్వాతి ఎమ్మారైలను పరిశీలించినప్పుడు, కణజాల నిర్మాణాన్ని చూపే మామూలు టీ2 ఎమ్మారై బొమ్మలు మాత్రమే చూస్తే మిగిలిన కేన్సర్ దాదాపు అందరిలో ఉన్నట్టే అనిపించింది. డిఫ్యూజన్ బొమ్మలను జోడిస్తే తీర్పు మెరుగైంది. అయినా కేన్సర్ పోయినవారిలో చాలామందికి ఉందన్న ముద్ర తప్పలేదు. చికిత్స మధ్యలో అయితే మచ్చ ఇంకా కట్టదు, కణితి ఇంకా కొలవగలిగేంత ఉంటుంది. అందుకే రెండో వారం, మూడో వారం స్కాన్‌కు విలువ ఎక్కువ. తర్వాత పలు డచ్ కేంద్రాలు కలిసి చేసిన ప్రైడ్ అధ్యయనం కూడా పెట్ స్కాన్, డిఫ్యూజన్ ఎమ్మారై రెంటినీ చికిత్స మధ్యలోనూ, ముగిశాకా తీసి, రెండూ ఒకదానికొకటి తోడవుతాయని చూపింది.

ఇంతకీ తప్పు తీర్పుకు మూల్యం రెండు వైపులా ఒకేలా ఉండదు. కేన్సర్ పోయినా ఉందంటే రోగి ఎప్పటి పద్ధతిలోనే ఆపరేషన్‌కు వెళతాడు. ఉన్నా పోయిందంటే అది పెరిగే దాకా ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపు ఎంత ప్రమాదమన్నది సానో ప్రయోగం కొంత తేల్చింది. 2025లో వచ్చిన ఫలితాల్లో, కేన్సర్ జాడ కనిపించని 309 మందిలో కొందరికి ఆపరేషన్ చేశారు, మిగతావారిని గట్టి నిఘాలో ఉంచి, జాడ తిరిగి కనిపించినప్పుడే ఆపరేషన్‌కు పంపారు. రెండేళ్ల తర్వాత బతికున్నవారు నిఘాలో 74 శాతం, ఆపరేషన్ పక్షంలో 71 శాతం. ఆ నిఘా నిలబడింది ఎండోస్కోపీ, లోతు బయాప్సీలు, సూది నమూనాలు, పెట్ స్కాన్ల మీద. అందులో ఎమ్మారైకి పాత్ర లేదు. కాబట్టి ఎమ్మారై ఇప్పుడు పోటీ పడాల్సింది పాత పద్ధతితో కాదు, పనిచేస్తుందని తేలిన ఒక నిఘా పద్ధతితో. నాకు తోచినంతలో దాని సరైన చోటు ఆ నిఘాకు ముందుంది: ఎవరికి చికిత్స పనిచేయడం లేదో మధ్యలోనే పసిగట్టడం.

ఈలోగా రోగుల కూర్పు మారుతోంది. 2025లోనే వెలువడిన ఎసోపెక్ ప్రయోగంలో అడినోకార్సినోమా రోగులకు క్రాస్ పద్ధతి కంటే ఫ్లాట్ అనే కీమో మంచి ఫలితమిచ్చింది. మధ్యస్థ జీవితకాలం 66 నెలలు, క్రాస్ పక్షంలో 37. ఫ్లాట్‌లో రేడియేషన్ లేదు. డచ్ అధ్యయనాల్లోని ఏడీసీ గీతలన్నీ కీమో, రేడియేషన్ కలిపి తీసుకున్నవారి మీద, అందులోనూ ఎక్కువగా అడినోకార్సినోమా రోగుల మీద గీసినవి. కీమో మాత్రమే తీసుకునేవారికి వాటిని అలాగే అన్వయించలేం.

భారతదేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ అన్నవాహిక కేన్సర్లలో అధిక భాగం స్క్వేమస్ రకం. వీరిలో చాలామందికి కీమో, రేడియేషన్లే ప్రధాన చికిత్స. కొందరికి 50 గ్రేల స్థాయిలో రేడియేషన్ ఇచ్చి ఆపరేషన్ లేకుండానే ముగిస్తారు. కేన్సర్ పూర్తిగా పోయే అవకాశం ఎక్కువున్న ఈ రోగుల్లోనే మధ్య స్కాన్ ఉపయోగం ఎక్కువగా తేలాలి. ఆ పరిశోధనకు కొత్త యంత్రాల అవసరం పెద్దగా లేదు. హైదరాబాద్, విశాఖపట్నం ఆసుపత్రుల్లో ఇప్పటికే వాడుకలో ఉన్న 1.5 టెస్లా, 3 టెస్లా యంత్రాలు చాలు. కావలసింది క్రమశిక్షణ. ప్రతి రోగికీ రెండు స్కాన్లూ ఒకే యంత్రం మీద, ఒకే బి విలువలతో తీయాలి; మధ్య స్కాన్‌ను రేడియేషన్ మొదలైన నాటి నుంచి లెక్కపెట్టి అందరికీ ఒకే రోజున తీయాలి. అంచులు ఇద్దరు రేడియాలజిస్టులు ఒకరి గీత ఒకరు చూడకుండా గీయాలి. మంచినీళ్లు కూడా దిగని స్థితిలో వచ్చిన రోగికి లోహపు స్టెంట్ వేయక తప్పదనిపిస్తే, మొదటి స్కాన్ అంతకు ముందే అయిపోవాలి. స్టెంట్ పడ్డాక ఆ చుట్టుపక్కల డిఫ్యూజన్ అంకెల మీద ఆధారపడలేం.